రాయి ఒకరిది... సంకెళ్లు ఇంకొకరికి

ఊరేగింపు మీద రాళ్లు పడతాయని ముందే తెలిస్తే పోలీసులు ఆపాల్సింది ఎవరిని? నడిచేవాళ్లనా, రాళ్లు ఏరుకుంటున్నవాళ్లనా? 1882లో ఇంగ్లండులోని ఒక సముద్రతీరపు ఊరు ఈ ప్రశ్నను కోర్టుకెక్కించింది. అదే ఏడాది ఆ ప్రశ్న ఓడెక్కి బొంబాయిలో దిగింది. తర్వాత బాపట్ల, చీరాలల మధ్య మన నేల మీదే ఎవరూ ఊహించని రూపం తీసుకుంది.

1882 మార్చి 26, ఆదివారం. బ్రిస్టల్‌కు దగ్గర్లోని వెస్టన్‌-సూపర్‌-మేర్‌ అనే ఊళ్లో కొందరు స్త్రీపురుషులు దేవుడి పాటలు పాడుకుంటూ వీధిలోకి వచ్చారు. వాళ్ల చేతుల్లో కర్రల్లేవు, రాళ్లు లేవు. ముందు నడుస్తున్నవాడి పేరు విలియం బీటీ. ఒక పోలీసు సార్జంటు వాళ్లకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. జనం గుమిగూడి శాంతికి భంగం కలిగించరాదంటూ మేజిస్ట్రేట్లు జారీ చేసిన నోటీసును గుర్తుచేసి, వెంటనే చెదిరిపొమ్మన్నాడు. బీటీ ఆగలేదు. అరెస్టయ్యాడు. వెనక ఉన్నవాళ్లు ముందుకొచ్చి నడక సాగించారు. వాళ్లనూ పట్టుకున్నారు.

ఆ నోటీసు వెనక మూడు రోజుల ముందటి గొడవ ఉంది. మార్చి 23న ఇదే ఊరేగింపు మీద పెద్ద గుంపు విరుచుకుపడింది. అల్లరిని అదుపు చేయడం అక్కడున్న కొద్దిమంది పోలీసుల వల్ల కాలేదు. మళ్లీ అలాంటిది జరుగుతుందని భయపడ్డ మేజిస్ట్రేట్లు తేలికైన దారి ఎంచుకున్నారు. కొట్టేవాళ్లను ఆపడం కష్టం, దెబ్బలు తినేవాళ్లను ఇంట్లో కూర్చోబెట్టడం సులువు. అత్త మీది కోపం దుత్త మీద చూపినట్టు, నోటీసు భారమంతా పాడుకుంటూ వచ్చినవాళ్ల మీదే పడింది.

అస్థిపంజరాల సైన్యం

పాడుకుంటూ వచ్చినవాళ్లు సాల్వేషన్‌ ఆర్మీ మనుషులు. తెలుగు క్రైస్తవులు రక్షణ సైన్యం అని పిలిచే సంస్థ ఇదే. విలియం బూత్‌ అనే మతబోధకుడు 1865లో లండన్‌ తూర్పు పేటల్లో, పేదలూ తాగుడుకు బానిసలైనవాళ్లూ ఉండే చోట దీన్ని మొదలుపెట్టాడు. 1878లో సైన్యం అని పేరు మార్చాడు. సభ్యులకు కెప్టెన్‌, మేజర్‌ లాంటి హోదాలు, యూనిఫారాలు, బ్యాండు మేళం. తాగుడు మానండి అంటూ సారా దుకాణాల ముందే నిలబడి పాడేవాళ్లు. స్త్రీలు కూడా వీధుల్లో నిలబడి బోధించేవాళ్లు. ఆ రోజుల్లో అది చాలామందికి మింగుడుపడలేదు.

వీళ్లను అడ్డుకోవడానికి దక్షిణ ఇంగ్లండు ఊళ్లలో పుట్టుకొచ్చిందే స్కెలిటన్‌ ఆర్మీ, అంటే అస్థిపంజరాల సైన్యం. పుర్రె, ఎముకలు గీసిన జెండాలు పట్టుకుని, వెక్కిరింపు పాటలు పాడుతూ, చేతికి దొరికింది విసురుతూ వెంటపడేది. మద్యం వ్యాపారంతో బతికేవాళ్ల అండ దానికి ఉండేది. ఆ ఒక్క 1882లోనే తమవాళ్లు 669 మంది దెబ్బలు తిన్నారనీ, అందులో 251 మంది స్త్రీలనీ సాల్వేషన్‌ ఆర్మీ లెక్క రాసుకుంది.

వెస్టన్‌ మేజిస్ట్రేట్లు బీటీనీ మరో ఇద్దరినీ విచారించి, ఇకపై శాంతియుతంగా ఉంటామని పూచీకత్తు ఇవ్వాలని ఆదేశించారు. ఇవ్వకుంటే జైలు. వాళ్లు పై కోర్టుకు వెళ్లారు. ఎదుటి పక్షంగా నిలిచిన పోలీసు అధికారి పేరు గిల్‌బ్యాంక్స్‌. అందుకే న్యాయశాస్త్ర గ్రంథాల్లో ఇది బీటీ వర్సెస్‌ గిల్‌బ్యాంక్స్‌ కేసుగా నిలిచిపోయింది.

1882 జూన్‌లో జస్టిస్‌ ఫీల్డ్‌, జస్టిస్‌ కేవ్‌ తీర్పు చెప్పారు. వాళ్ల తర్కం సూటిగా ఉంది. ఊరేగింపు చట్టవిరుద్ధం కాదు. నడిచినవాళ్లు ఎవరి మీదా చెయ్యి చేసుకోలేదు. మనిషి తన పనికి సహజంగా కలిగే ఫలితానికి బాధ్యుడు, నిజమే. కానీ పాట పాడితే దానికి సహజమైన ఫలితం దెబ్బలాట కాదు. ఆ దెబ్బలాట అస్థిపంజరాల సైన్యం తెచ్చిపెట్టింది. ఒకడు చేసే న్యాయమైన పని చూసి ఇంకొకడు అన్యాయానికి దిగుతాడని తెలిసినంత మాత్రాన మొదటివాణ్ణి శిక్షించవచ్చనే సూత్రం చట్టంలో ఎక్కడా లేదు. అలా చెప్పి కింది కోర్టు ఉత్తర్వును కొట్టేశారు.

మూడేళ్ల తర్వాత ఆక్స్‌ఫర్డ్‌ పండితుడు డైసీ రాజ్యాంగ చట్టం మీద రాసిన పుస్తకంలో ఈ కేసు చోటు చేసుకుంది. అక్కణ్ణుంచి ప్రపంచంలో ఇంగ్లిషు చట్టం చదివే ప్రతి విద్యార్థికీ అది పాఠమైంది.

బైండోవర్‌ కథ

బీటీని అడిగిన పూచీకత్తు మన పల్లెల్లో అందరికీ తెలిసినదే. ఎన్నికల నోటిఫికేషన్‌ రాగానే పేపర్లో జిల్లా పేజీ తెరిస్తే కనిపిస్తుంది: ఫలానా మండలంలో ఇంతమందిని తహసీల్దారు ఎదుట బైండోవర్‌ చేశారు అని. ఊరి పెద్దగొంతు యువకుడి దగ్గర్నుంచి పాత రౌడీషీటరు దాకా ఆ జాబితాలో ఉంటారు. వాళ్లు అప్పుడే ఏదో నేరం చేసినట్టు కాదు. చేయవచ్చునని అనుమానం. గొడవలకు పోనని బాండు రాసిచ్చి, జామీను చూపించి ఇంటికి వెళ్లాలి.

ఈ పద్ధతి మూలం 1361 నాటిది. ఇంగ్లండు రాజు మూడో ఎడ్వర్డ్‌ ఫ్రాన్సుతో యుద్ధాలు చేస్తున్న కాలం. యుద్ధం నుంచి తిరిగొచ్చి ఊళ్ల మీద పడుతున్న సైనికుల్ని అదుపు చేయడానికి, ప్రతి జిల్లాలో శాంతిని కాపాడే న్యాయాధికారుల్ని పెట్టి, మంచి నడవడికకు పూచీకత్తు తీసుకునే అధికారం ఇచ్చాడు. దోపిడీదారుల కోసం పుట్టిన ఆ చట్టం శతాబ్దాల పాటు బతికింది. 1913లో స్త్రీల ఓటు హక్కు కోసం ప్రసంగించిన జార్జ్‌ లాన్స్‌బరీని అదే చట్టం కింద పూచీకత్తు అడిగారు. ఇవ్వనన్నాడు, జైలుకెళ్లాడు. తర్వాతి కాలంలో ఆయనే లేబర్‌ పార్టీ నాయకుడయ్యాడు.

చట్టం ఎవరి కోసం పుట్టినా, అది ఎవరి మీద వాలుతుందన్నది దాన్ని పట్టుకున్న చెయ్యి నిర్ణయిస్తుంది. ఇంగ్లండులో శాంతిభంగం అనేది దానికదే నేరం కూడా కాదు. అరెస్టు చేయడానికీ, పూచీకత్తు అడగడానికీ ఒక కారణం, అంతే. అది ఏమిటో కూడా చాలాకాలం స్పష్టత లేదు. 1981లో హోవెల్‌ కేసులో కోర్టు ఒక గీత గీసింది: మనిషికి గానీ, అతని కళ్లెదుట అతని ఆస్తికి గానీ హాని జరగాలి, లేదా జరుగుతుందన్న భయం ఉండాలి. ఒట్టి గోల, విసుగు, చికాకు చాలవు.

1882లోనే మనకు 144

1857 తిరుగుబాటు సద్దుమణిగాక బ్రిటిష్‌ ప్రభుత్వం ఇండియా కోసం చట్టాలను వరసగా రాసింది. 1861లో పోలీసు చట్టం, అదే ఏడాది మొదటి నేర విచారణ స్మృతి వచ్చాయి. ప్రమాదం ముంచుకొస్తోందని అనిపిస్తే ఫలానా పని చేయవద్దని అప్పటికప్పుడు ఆజ్ఞాపించే అధికారం మేజిస్ట్రేటుకు దక్కింది. 1872 స్మృతిలో దాని సంఖ్య 518. స్మృతిని తిరగరాసినప్పుడు అది 144వ సెక్షన్‌ అయింది. ఆ తిరగరాత జరిగిన ఏడాది 1882.

అక్కడ వెస్టన్‌ కేసులో జడ్జీలు పాడేవాడి పక్షాన నిలిచిన సంవత్సరమే, ఇక్కడ పాడేవాణ్ణి ఆపే అధికారానికి దాని ప్రసిద్ధమైన సంఖ్య వచ్చింది. ఒకే సామ్రాజ్యం, ఒకే రాణి. తేడా ఎక్కడుందంటే, అక్కడ మేజిస్ట్రేటు నోటీసును కొట్టేసే స్వతంత్రమైన కోర్టు ఉంది, ఓటు ఉంది, పత్రికలున్నాయి. ఇక్కడ పన్ను వసూలు చేసే కలెక్టరే మేజిస్ట్రేటు. పోలీసులు అతని మాట వింటారు. ఏది అశాంతి, ఎవరు దానికి కారకులు అన్నది అతనే తేల్చేవాడు.

ఆ 1882 సెప్టెంబరు 19నే సాల్వేషన్‌ ఆర్మీ బొంబాయిలో అడుగుపెట్టింది. నలుగురు మనుషుల ఆ చిన్న దళానికి నాయకుడు ఫ్రెడరిక్‌ టకర్‌. బూత్‌ కుమార్తెను పెళ్లాడాక బూత్‌-టకర్‌ అయ్యాడు. బీహారులోని ముంగేర్‌లో పుట్టిన ఇంగ్లిషువాడు, ఐసీఎస్‌ ఉద్యోగం వదులుకుని వచ్చినవాడు. కాషాయ బట్టలు కట్టి, ఫకీర్‌ సింగ్‌ అని పేరు పెట్టుకుని బొంబాయి వీధుల్లో పాడుతూ నడిచాడు. మతకలహాలు రేగుతాయన్న సాకుతో పోలీసులు ఊరేగింపులను ఆపి, అరెస్టులు చేశారు. ఆయన జైలుకూ వెళ్లాడు. బ్రహ్మసమాజ నాయకుడు కేశవచంద్ర సేన్‌ ఈ క్రైస్తవుల తరఫున గొంతెత్తాడు. తన మతం కానివాడి హక్కు కోసం నిలబడ్డ ఆ గొంతును మనం గుర్తుంచుకోవాలి.

మరుసటి ఏడాది, 1883లో, అప్పటికి మన కోస్తా, రాయలసీమ జిల్లాలకూ పెద్ద కోర్టయిన మద్రాసు హైకోర్టు ముందుకు సుందరం చెట్టి కేసు వచ్చింది. సేలంలో మసీదు ముందు నుంచి మేళతాళాలతో హిందువుల ఊరేగింపు వెళ్లడం మీద వివాదం. వీధి అందరిదీ గనుక, ఇతరుల ఆరాధనకు ఆటంకం కలిగించకుండా ఊరేగే హక్కు ప్రతి వర్గానికీ ఉందని కోర్టు అంది. ప్రాణాలకు ముప్పు వచ్చినప్పుడు మేజిస్ట్రేటు ఆ హక్కును తాత్కాలికంగా ఆపవచ్చు. కానీ ఒక వర్గం గొడవ చేస్తుందనే కారణంతో ఇంకో వర్గం హక్కును శాశ్వతంగా చంపేయకూడదు. కోర్టులో ఆ మాట అన్నారు. కచేరీల్లో మాత్రం 144 నడిచింది.

ఒక సెక్షన్‌, ఎన్నో నోళ్లు

1917 ఏప్రిల్‌లో చంపారణ్‌లో నీలిమందు రైతుల గోడు వినడానికి వెళ్లిన గాంధీకి అందింది 144 కింది నోటీసే. జిల్లా వదిలిపొమ్మన్నారు. వెళ్లనన్నాడు. మోతిహారి కోర్టులో, అవును, ఉత్తర్వు ఉల్లంఘించానని ఒప్పుకున్నాడు. ఏ శిక్ష వేయాలో తెలియక తికమకపడ్డ ప్రభుత్వం చివరికి కేసు ఉపసంహరించుకుంది.

మన చీరాల-పేరాల ఉద్యమ నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యకు అంత సులువుగా విడుదల దొరకలేదు. ఊరిని మునిసిపాలిటీ చేసి పన్నులు పెంచినందుకు ఆయన మాట మీద జనం 1921లో ఇళ్లు వదిలి, ఊరి బయట రామనగర్‌లో పందిళ్లు వేసుకుని నెలల తరబడి బతికారు. ఆ ఉద్యమం నడుస్తుండగానే బరంపురంలో సభకు వెళ్లాడు. మాట్లాడకూడదని నిషేధం. మాట్లాడాడు. ఏడాది జైలు పడింది, తిరుచిరాపల్లికి పంపారు. ఒక్క రాయీ విసరని మనిషికి, ఒక్క ప్రసంగానికి పన్నెండు నెలలు.

నిజాం రాజ్యంలో 144 అవసరం కూడా లేకపోయింది. తెలంగాణ పెద్దవాళ్లు చెప్పుకునే గస్తీ నిషాన్‌ తిర్పన్‌, అంటే 53వ నంబరు సర్క్యులర్‌, 1929లో వచ్చింది. ముందు అనుమతి లేకుండా సభ పెట్టకూడదని దాని సారాంశం. 1930లో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది ఈ నీడలోనే. గ్రంథాలయాల గురించీ, బాల్యవివాహాల గురించీ, తెలుగులో చదువు గురించీ మాట్లాడుకోవడానికి కూడా సర్కారు దయ కావాల్సి వచ్చిన రోజులవి.

స్టువర్టుపురం

బాపట్ల నుంచి చీరాల వెళ్లే రైలు మధ్యలో స్టువర్టుపురం అనే స్టేషన్‌ మీదుగా సాగుతుంది. ఆ పేరు మద్రాసు ప్రభుత్వంలో పెద్ద పదవిలో ఉన్న హెరాల్డ్‌ స్టువర్ట్‌ది. దుగ్గిరాల రామనగర్‌ కట్టిన చోటికి దగ్గర్లోనే, అంతకు ఏడెనిమిదేళ్ల ముందు, ఇంకో ఊరు కట్టారు. రామనగర్‌కు జనం తమంతట తామే నడిచి వెళ్లారు. స్టువర్టుపురానికి వాళ్లను తెచ్చి పెట్టారు.

1871లో ఉత్తర భారతంలో మొదలైన నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. కొన్ని కులాలవాళ్లు పుట్టుకతోనే నేరస్థులని ఆ చట్టం తీర్మానించింది. ఉప్పు, ధాన్యం మోసుకుని ఊరూరా తిరిగి అమ్ముకునే ఎరుకలవారి బతుకును రైళ్లు, కొత్త ఉప్పు విధానం దెబ్బతీశాయి. తిరుగుడు బతుకు గనుక అనుమానం, అనుమానం గనుక చట్టం. పట్టుకున్న కుటుంబాలను సెటిల్మెంట్లలో పెట్టారు. రోజూ హాజరు వేయించుకోవాలి. పక్క ఊరికి వెళ్లాలన్నా చీటీ కావాలి.

ఆ సెటిల్మెంటును నడిపింది ఎవరో కాదు, సాల్వేషన్‌ ఆర్మీ. బొంబాయిలో జైలుకెళ్లిన బూత్‌-టకర్‌ నాయకత్వంలోనే ఆ సంస్థ దేశంలో నేరస్థ తెగల సెటిల్మెంట్ల బాధ్యత తలకెత్తుకుంది. స్టువర్టుపురం, గుంటూరు జిల్లాలో సీతానగరం దాని చేతికి వచ్చాయి.

ఈ విషయం మొదటిసారి చదివినప్పుడు నాకు చాలాసేపు మనసు మనసులో లేదు. మీరు గొడవ చేయకపోయినా మీ వల్ల గొడవ రావచ్చు అన్న ముద్ర వెస్టన్‌ వీధిలో మోసినవాళ్లు వీళ్లు. ముప్పై ఏళ్లు తిరిగేసరికి, మీరు ఏమీ చేయకపోయినా మీ పుట్టుక వల్ల నేరం రావచ్చు అన్న ముద్ర పడ్డ మనుషులకు వీళ్లే కాపలాదారులయ్యారు. వాళ్లలో చాలామంది మంచే చేస్తున్నామని నమ్మారు. బడులు పెట్టారు, వైద్యం చేశారు, పొలాలు చూపించారు. కానీ చీటీ లేకుండా గడప దాటలేని మనిషికి ఎంత మంచి చేసినా అది సంకెళ్ల మీద వేసిన శాలువే.

1952 ఆగస్టు 31న ఆ చట్టం దేశమంతటా రద్దయింది. ముద్ర మాత్రం వెంటనే పోలేదు. స్టువర్టుపురం అనే మాట తెలుగు సినిమాల్లో దొంగతనానికి మారుపేరుగా మిగిలింది. గుర్రం జాషువా కుమార్తె హేమలతా లవణం, ఆమె భర్త లవణం 1970ల నుంచి ఆ ఊళ్లోకి వెళ్లి, అక్కడి మనుషులతో కలిసి కూర్చుని, నేరం వదిలి కొత్త బతుకు మొదలుపెట్టేందుకు తోడు నిలిచారు. అంటరానితనం బాధ ఎరిగిన కవి ఇంటి బిడ్డకు ఆ ముద్ర బరువు ఎవరూ వివరించి చెప్పనక్కర్లేకపోయింది.

శాంతిభంగం చట్టాన్ని ఆ చివరి దాకా లాగితే అది చేరే చోటు స్టువర్టుపురమే. మొదట చేసిన పనికి శిక్ష. తర్వాత చేయబోయే పనికి ముందస్తు అరెస్టు. ఆ తర్వాత, ఇంకొకడు చేయబోయే పనికి నీకు నిషేధం. చివరికి, ఏ పనీ అక్కర్లేదు, నువ్వు ఎవరన్నదే చాలు.

తగ్గిన వెలుగు, మళ్లీ వెలిగిన దీపం

బీటీ తీర్పు ఇంగ్లండులో కూడా నిలకడగా నిలవలేదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో లివర్‌పూల్‌లో జార్జ్‌ వైజ్‌ అనే బోధకుడు కేథలిక్కుల పేటల్లో వాళ్ల విశ్వాసాన్ని అవమానిస్తూ మాట్లాడాడు. అలాంటి తిట్లకు గొడవ సహజ ఫలితమేనని కోర్టు పూచీకత్తు అడగడాన్ని సమర్థించింది. తిట్టడానికీ పాడటానికీ తేడా ఉంది కనుక ఆ తీర్పును అర్థం చేసుకోవచ్చు.

1934 జూలై 30న జరిగింది వేరు. దక్షిణ లండన్‌లో నిరుద్యోగుల శిక్షణ కేంద్రం ఎదుట కేథరిన్‌ డంకన్‌ ఒక పెట్టె మీద నిలబడి మాట్లాడబోయింది. ఏడాది కిందట ఆమె మాట్లాడాక ఆ కేంద్రంలో కొంత అలజడి జరిగిందని, 175 గజాల అవతల వేరే వీధిలో పెట్టుకోమని పోలీసులన్నారు. ఆమె ఒప్పుకోలేదు. పోలీసు విధులకు ఆటంకం కలిగించిందని జరిమానా పడింది. 1935లో పై కోర్టు కూడా దాన్ని ఖాయం చేసింది. ఒకసారి ఒక చోట అలజడి జరిగితే, ఆ చోటు ఆ మనిషికి ఎప్పటికీ మూసుకుపోవచ్చన్నమాట.

అక్కణ్ణుంచి చట్టం తిరిగి లేవడానికి అరవై ఏళ్లు పట్టింది. 1997లో వేక్‌ఫీల్డ్‌ కేథెడ్రల్‌ మెట్ల మీద ముగ్గురు స్త్రీలు మతబోధ చేస్తుంటే జనం చేరి చిరాకుపడ్డారు. పోలీసు ఆ స్త్రీలనే బోధ ఆపమన్నాడు, వినకపోతే అరెస్టు చేశాడు. 1999లో జస్టిస్‌ సెడ్లీ బీటీ బాటలోకే తిరిగి వచ్చాడు. ముప్పు ఎటు నుంచి వస్తోందో అటే పోలీసు చూడాలన్నాడు. ఎవరికీ నొప్పి కలగని మాటలకే పరిమితమైన స్వేచ్ఛకు విలువ లేదన్నాడు.

2003 మార్చి 22న, ఇరాక్‌ యుద్ధం మొదలైన రోజుల్లో, బాంబర్‌ విమానాలున్న ఫెయిర్‌ఫోర్డ్‌ స్థావరం దగ్గర నిరసనకు లండన్‌ నుంచి మూడు బస్సులు బయలుదేరాయి. అందులో దాదాపు 120 మంది. పోలీసులు దారిలో బస్సులను ఆపి సోదా చేసి, అందరినీ తిరిగి ఎక్కించి, రెండున్నర గంటలు ఎక్కడా ఆగనివ్వకుండా లండన్‌కు తోలేశారు. జేన్‌ లాపోర్ట్‌ అనే ప్రయాణికురాలు కోర్టుకెళ్లింది. అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానమైన ప్రభుల సభ (హౌస్‌ ఆఫ్‌ లార్డ్స్‌) 2006లో ఆమెకు న్యాయం చేసింది. శాంతిభంగం ఆ క్షణంలో ముంచుకొచ్చేదై ఉండాలి, ఎప్పుడో రావచ్చునన్న ఊహ చాలదు. బస్సుల్లో కొందరు అల్లరివాళ్లు ఉన్నంత మాత్రాన మిగతా అందరినీ వెనక్కి పంపే హక్కు రాదు. ఈ తీర్పు సారాంశం అది.

అయితే ఆ దీపం కింద చీకటీ ఉంది. 2001 మే 1న లండన్‌ ఆక్స్‌ఫర్డ్‌ సర్కస్‌ దగ్గర సుమారు 3,000 మందిని పోలీసులు చుట్టుముట్టి ఏడు గంటల పాటు కదలనివ్వలేదు. అందులో దారినపోయేవాళ్లూ ఉన్నారు. ఆ పరిస్థితుల్లో అది స్వేచ్ఛ హరించడం కాదని 2009లో ప్రభుల సభ, 2012లో యూరప్‌ మానవ హక్కుల కోర్టు చెప్పాయి. 2022, 2023లో వచ్చిన చట్టాలు నిరసనలపై బ్రిటిష్‌ పోలీసులకు ఇంకా ఎక్కువ అధికారాలిచ్చాయి.

మన రాజ్యాంగం, మన వీధి

స్వాతంత్ర్యం వచ్చాక ఆయుధాలు లేకుండా శాంతియుతంగా సమావేశమయ్యే హక్కును రాజ్యాంగం 19వ అధికరణలో రాసుకున్నాం. 144ను మాత్రం ఉంచుకున్నాం. ఆ రెంటినీ ఒక గూటిలో పెట్టే పని సుప్రీంకోర్టు మీద పడింది.

1965లో రామమనోహర్‌ లోహియా కేసులో కోర్టు మూడు వలయాల బొమ్మ గీసింది. పెద్ద వలయం శాంతిభద్రతలు. దాని లోపల సామాజిక శాంతి. అన్నిటికన్నా లోపల దేశ భద్రత. వీధి కొట్లాట ప్రతిదీ సామాజిక శాంతికి భంగం కాదు. 1970లో మధు లిమాయే కేసు ముంగేర్‌ నుంచి వచ్చింది, బూత్‌-టకర్‌ పుట్టిన ఊరి నుంచే. ఏడుగురు జడ్జీల ధర్మాసనం 144ను నిలబెట్టింది గానీ, అది అత్యవసరానికి వాడే ఆయుధమని, కారణాలు ఉండాలని గుర్తుచేసింది. 1972లో హిమ్మత్‌లాల్‌ షా కేసులో, వీధి సభలకు అనుమతిని కారణం చెప్పకుండా నిరాకరించే అధికారం పోలీసులకు ఉండకూడదని తేల్చింది.

బీటీ మాటకు అచ్చంగా దగ్గరైన మాట 1989లో వచ్చింది. ఒరే ఒరు గ్రామత్తిలే అనే తమిళ సినిమా ఆడితే ఊరేగింపులు, దాడులు జరుగుతాయని ప్రభుత్వం అంది. అలా బెదిరించేవాళ్లకు తలవంచి భావప్రకటన హక్కును ఆపడం అంటే చట్టబద్ధ పాలనను వదులుకోవడమే, స్వేచ్ఛను కాపాడటం ప్రభుత్వ బాధ్యత, ఆ పని చేతకాదని సాకు చెప్పకూడదు అని కోర్టు అంది. 2020లో అనురాధా భసీన్‌ కేసులో, న్యాయమైన అభిప్రాయాన్ని నొక్కేయడానికి 144ను వాడకూడదని, ఉత్తర్వులను దాచకుండా ప్రచురించాలని చెప్పింది.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ కథ మొన్నమొన్నటిది. 2022 డిసెంబరు 28న కందుకూరు సభలో తొక్కిసలాట జరిగి ఎనిమిది మంది చనిపోయారు. ఆ వెంటనే 2023 జనవరిలో రోడ్ల మీద సభలను కట్టడి చేస్తూ 1861 నాటి పోలీసు చట్టం ఆధారంగా ఒకటో నంబరు జీవో వచ్చింది. అదే ఏడాది మే 12న హైకోర్టు దాన్ని కొట్టేసింది. చనిపోయినవాళ్ల ప్రాణాలు నిజం. జనం కిక్కిరిసినప్పుడు దారి చూపడం, సంఖ్య చూసుకోవడం, అంబులెన్సు నిలబెట్టడం పోలీసుల పనే. అయితే ఆ పని చేయడానికీ వీధినే మూసేయడానికీ మధ్య దూరం చాలా ఉంది.

144 అనే సంఖ్య కూడా ఇప్పుడు చట్టంలో లేదు. 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్‌ సురక్షా సంహితలో అది 163వ సెక్షన్‌. తహసీల్దారు బైండోవర్‌ పాత 107వ సెక్షన్‌ 126 అయింది. అయినా ఊళ్లలో ఇప్పటికీ 144 పెట్టారు అనే అంటారు. నూట నలభై ఏళ్ల అలవాటు ఒక గెజిట్‌తో పోదు.

కానిస్టేబులు కళ్లు ఎటు?

ఇందులో పోలీసుల కష్టాన్ని తక్కువ చేయకూడదు. రెండు గుంపుల మధ్య లాఠీ పట్టుకుని నిలబడ్డ కానిస్టేబులుకు తీర్పులు చదివే తీరిక ఉండదు. అతని వెనక పది మంది ఉంటారు, ఎదుట వెయ్యి మంది. నిజంగానే ఇక ఒక్క క్షణంలో రక్తం కారుతుందనుకున్నప్పుడు నడిచేవాళ్లను కాసేపు ఆగమనడం తప్పు కాదు. మద్రాసు జడ్జీలూ, ప్రభుల సభా అంతవరకూ ఒప్పుకున్నాయి. కానీ కాసేపు అన్నది నెలలు కాకూడదు. ఒక వీధి అన్నది ఊరంతా కాకూడదు. ఆ రోజు ఆపినవాళ్లకు మరో రోజు దారి చూపించాలి. రాళ్లు పట్టుకున్నవాళ్ల మీద కేసు నడవాలి.

వెస్టన్‌ మేజిస్ట్రేట్లు ఆ ఆదివారం చేయగలిగిన పని ఒకటుంది. పక్క ఊళ్ల నుంచి నలభై మంది పోలీసులను రప్పించి, పాడేవాళ్లకు రెండు వైపులా నడిపించి ఉండవచ్చు. దానికి ఖర్చవుతుంది, శ్రమ అవుతుంది, ఊళ్లో సారా దుకాణదారులకు కోపం వస్తుంది. కానీ అదే శాంతిని కాపాడటం. అప్పుడు బీటీ కోర్టుకు వెళ్లాల్సిన పని ఉండేది కాదు.

బీటీ తన పాట తను పాడుకునే హక్కు గెలుచుకున్నాడు. అతని సంస్థ మాత్రం, తనకు దక్కిన ఆ న్యాయాన్ని స్టువర్టుపురంలో ఎరుకల తల్లి చేతిలో పెట్టలేకపోయింది. పక్క ఊరి సంతకు వెళ్లడానికి ఆమెకు చీటీ కావాల్సి వచ్చింది. మనకు నచ్చిన ఊరేగింపు ఆగినప్పుడు కోపం రావడం సులభం. మనకు నచ్చనివాళ్ల ఊరేగింపు మీద రాయి పడబోతున్నప్పుడు, కేశవచంద్ర సేన్‌లా, ఆ రాయి వైపు చెయ్యి చూపించి అటు చూడండి అనగలగాలి. మన వీధి ఎంత శాంతంగా ఉందో తెలిసేది ఆ రోజే.